మూడు రోజుల లెక్క

“పదకొండు,” అన్నాడు ఫిట్టరు.

మెట్ల కింద గోడకు బిగించిన బ్యాటరీ పెట్టె మీద, నూటికి ఎంత ఛార్జింగు మిగిలిందో చూపుతూ వెలుగుతున్న అంకె అది. పొద్దున్న ఆరింటికి పంతొమ్మిది ఉంది. ఇప్పుడు పది కావస్తోంది. అతని భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఆ అంకెను చూసింది, మొగుణ్ణి చూసింది, మళ్ళీ అంకెనే చూసింది.

“అంబులెన్సు ఎన్నింటికన్నారు?”

“మూడింటికి. ఆక్సిజన్ సిలిండరు అందులోనే వస్తుంది. ఆలోపు ఒక్క బండీ ఖాళీ లేదట. మూడుసార్లు అడిగాను.”

“ఇది ఎంతసేపొస్తుంది?”

ఫిట్టరు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఊళ్ళో సగం డాబాల మీద సోలారు పలకలు బిగించిన మనిషి, ఏ లెక్కయినా నోటితోనే తేల్చేసే మనిషి, చిన్నపిల్లాడిలా వేళ్ళు మడవడం ఆమె ఇదివరకు చూడలేదు.

“మామూలుగా అయితే పది దగ్గర బ్యాటరీ తనంతట తనే ఆగిపోతుంది. పూర్తిగా పిండేస్తే పాడవుతుందని అలా పెడతారు. దాన్ని నేను రెండుకి దింపేశాను. పాడైతే పాడైంది. మధ్యాహ్నం రెండింటి దాకా లాగుతుంది.”

“రెండింటి నుంచి మూడింటి దాకా?”

అతను పెట్టె మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

ఊరిని పొగ కమ్మి అది ఐదో రోజు. కొండల మీద అడవి తగలబడుతోంది. ఏటా వేసవి చివర్లో ఏదో ఒక మూల అంటుకుని రెండు రోజుల్లో ఆరిపోయేది. ఈ ఏడు వేసవి మొదట్లోనే, ఎండి వరుగైపోయిన అడవంతా ఒక్కసారే అంటుకుంది. తీగల నుంచి నిప్పు రాలుతుందన్న భయంతో మొదటి రోజే లైను ఆపేశారు. “ఆపితే ఆపనీ, మన కరెంటు మన డాబా మీదే ఉంది” అని ఆమె తండ్రి ఆ రోజు నవ్వాడు కూడా. ఎండ ఉంటే ఆ మాట నిజమే. ఐదు రోజులుగా పట్టపగలు సూర్యుడు ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తోంది.

“నా కుట్టుమిషను మొన్నే ఆపేశాను,” అందామె. “ఫ్రిజ్ ఆపేశాను. ఫ్యాన్లు లేవు, లైట్లు లేవు. ఫోన్లు నీ వ్యానులో ఛార్జింగు పెట్టుకుంటున్నాం. ఇంకేం ఆపమంటావో చెప్పు.”

“ఇంకేం లేదు. గాలిమిషను ఒక్కటే నడుస్తోంది.”

ఆమె తల్లికి ఆక్సిజన్ అందించే యంత్రానికి ఆ ఇంట్లో గాలిమిషను అని పేరు. రెండేళ్ళుగా ఆవిడ ఊపిరంతా దాని గొట్టంలోంచే.

“పోనీ దాన్నే కాస్త తగ్గిస్తే? నాబ్ మూడు మీద ఉంది కదా. రెండు మీద పెడితే ఆ గంటా కలిసిరాదూ?”

“రాదు.” ఫిట్టరు గట్టిగా తల అడ్డంగా ఊపాడు. “లోపలి మోటారు మూడు ఇచ్చినా ఒకటి ఇచ్చినా ఒకేలా తిరుగుతుంది. నాబ్ తిప్పితే ఆవిడకి అందే గాలి తగ్గుతుంది గాని, కరెంటు చుక్క మిగలదు. దాన్ని మాత్రం ముట్టుకోకు.”

“సరే. వ్యానులో ఎక్కించుకుని మనమే తీసుకెళ్ళిపోతే?”

“గంట దారి. సిలిండరు లేకుండా ఆ గంట తట్టుకోలేదని డాక్టరే అన్నాడు. మూడో రోజు వెళ్ళాల్సింది.”

మూడో రోజు వెళ్ళాల్సింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు ఇంతవరకూ. మూడో రోజుకి బ్యాటరీలో సగం ఉంది, వ్యాను వెనక పనిముట్ల కోసం పెట్టుకున్న బ్యాటరీ నిండుగా ఉంది, దాంతో దారిలో గాలిమిషను నడిపించుకోవచ్చు. కానీ తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడి, “రేపు ఎండ వస్తుంది, నా మాట విను బాబూ” అన్నాడు. తల్లి కూడా ఆసుపత్రి వరండాలో పడుకోనని మొండికేసింది. ఇప్పుడు ఆ వ్యాను బ్యాటరీలో ఫోను ఛార్జింగుకి సరిపడా మాత్రం ఉంది. మిగతాదంతా నిన్న ఇంట్లోకే తోడేశారు.

ఫోను మోగింది. వీధి చివరింటావిడ. ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి మానేశాడు. ఆయనకీ ఇదే గాలిమిషను, ఇంటికి ఇదే బ్యాటరీ, బిగించింది ఇతనే.

“మాది పద్నాలుగు చూపిస్తోంది బాబూ. మాకు అంబులెన్సు ఐదింటికి గాని లేదన్నారు. చాలుతుందా?”

“చూద్దామండీ. మీదీ నిన్ననే రెండుకి దింపి పెట్టాను. మా పలకలు తుడిచేసి మీ డాబా మీదకే వస్తాను. భయపడకండి,” అని ఫిట్టరు ఫోను పెట్టేశాడు. పెట్టేసి, తడిగుడ్డ భుజాన వేసుకుని, భార్య మొహం చూడకుండా డాబా ఎక్కాడు.

ఆమె తల్లి గదిలోకి వెళ్ళింది.

కిటికీ సందుల్లో తడిబట్టలు కుక్కి ఉన్నాయి. అయినా గదిలో పొగ వాసన. మంచం తల వైపు గాలిమిషను, దాని పక్కనే తండ్రి కుర్చీ. ఆ మిషను ఆయన శాఖ. నీళ్ళ సీసా మార్చడం, గొట్టం కడగడం, నాబ్ చూడటం అన్నీ ఆయనే. మరొకర్ని వేలు పెట్టనివ్వడు.

“మూడు మీదే ఉంది కదా నాన్నా?”

“ఉంది, ఉంది.” ఆయన గబుక్కున లేచి, ఆమెకు వీపు పెట్టి మిషను మీదికి వంగి ఏదో సర్ది, మళ్ళీ కూచున్నాడు. “ఇదిగో, మూడు.”

మిషను ముందున్న చిన్న గాజు గొట్టంలో, గాలి ఎంత వస్తోందో చూపే తెల్లటి గుండు మూడు దగ్గర తేలుతోంది.

“ఏమే,” అంది తల్లి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. “మొగుడూ పెళ్ళాం... మెట్ల కింద గుసగుసలేంటి? నన్నొదిలేసి... సినిమాకి పోతున్నారా?”

“నువ్వు లేస్తే అందరం పోదాం.”

“మీ నాన్న రాడు. సాయంత్రం... కార్డు మార్చాలిగా. పెళ్ళినాడు కూడా... కార్డు మార్చడానికి పరిగెత్తిన మనిషి.”

ఆ వీధిలో ఆయన్ని ఎండల మాస్టారంటారు. బళ్ళో చెప్పింది ఏమీ లేదు. వాతావరణ కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఎండ కొలిచాడు. డాబా మీద ఒక గాజుగోళం, దాని వెనక ఒక అట్టకార్డు. ఎండ పడితే గోళం దాన్నంతా ఒక్కచోటికి కూడదీసి కార్డు మీద సన్నటి గీతలా కాలుస్తుంది. ఎంతసేపు ఎండ ఉంటే అంత పొడుగు గీత. సాయంత్రం పాత కార్డు తీసి కొత్తది పెట్టాలి. కేంద్రానికి కొత్త యంత్రాలు వచ్చాక ఆ గోళం ఎవరికీ అక్కర్లేకపోతే, ఉద్యోగం మానేసిన రోజున ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. కార్డు వెనక తారీఖు మాత్రం ఎప్పుడూ భార్యే రాయాలి. ఆయన రాత కోడి గీకినట్టుంటుంది.

ఇప్పుడూ ఆవిడ చేతిలో నిన్నటి కార్డు పెట్టాడు. ఎక్కడా మచ్చ లేదు. ఆవిడ పడుకునే తారీఖు వేసింది. అంకెలు వంకర తిరిగాయి.

“పోయినేడు నాలుగు,” అంది కార్డు తిరిగి ఇస్తూ. “ఈ ఏడు...”

“నువ్వు మాట్లాడకు. ఆయాసం,” అని ఆయన ఆ కార్డు లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

కూతురు తల్లి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసింది. ఎనభై నాలుగు. మొన్న తొంభై ఒకటి ఉండేది. గోళ్ళు నీలంగా మారాయి.

“ఇంత పడిపోయిందేంటి నాన్నా?”

“పొగ.”

“పొగే,” అనుకుంది ఆమె కూడా. ఇంకేం అనుకుంటుంది పాపం. ఊళ్ళో బాగున్నవాళ్ళే దగ్గి దగ్గి చస్తున్నారు.

“రేపు వచ్చేస్తుంది తల్లీ ఎండ,” అన్నాడు తండ్రి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

“రేపు! ఐదు రోజులుగా అదే మాట!” గొంతు లేచిందని తెలిసి కూడా ఆమె ఆపుకోలేకపోయింది. తల్లి చెయ్యి మెల్లగా వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆమె నోరు మూసుకుని, బకెట్లో నీళ్ళు పట్టుకుని డాబా మీదికి నడిచింది.

డాబా అంతా బూడిద. తీగ మీద మరిచిపోయిన చీర నల్లబడిపోయింది. ఫిట్టరు మోకాళ్ళ మీద కూచుని పలకలు తుడుస్తున్నాడు. ఒకటి తుడిచి రెండోదానికి వెళ్ళేసరికి మొదటిదాని మీద మళ్ళీ పలచగా పరుచుకుంటోంది.

“నూట నలభై వాట్ల నుంచి రెండువందల అరవైకి వచ్చింది,” అన్నాడు ఫోనులో చూసి. “మంచి రోజైతే ఈ టైముకి మూడువేలు. అయినా ఇదీ కలిసొస్తుంది. ఇలాగే తుడుస్తూ ఉంటే మూడింటిదాకా లాక్కురావచ్చు.”

ఆ మాటకు సంతోషించాల్సింది. కానీ ఆమెకు కోపం వచ్చింది. ఐదు రోజుల భయమంతా కోపమై ఎదురుగా దొరికిన మనిషి మీద పడింది.

“మూడు రోజులకే ఎందుకు పెట్టావు? ఆరు రోజులకి సరిపడా బ్యాటరీ ఎందుకు పెట్టలేదు?”

“నీకు తెలీదా? మీ నాన్నగారి కార్డులు చూసి. ముప్పై ఒక్క ఏళ్ళలో వరసగా మూడు ఖాళీ కార్డులు ఎప్పుడూ దాటలేదు. ఈ ఊళ్ళో నేను పెట్టిన ప్రతి ఇంటికీ అదే లెక్క.”

“అది ఆ ముప్పై ఒక్క ఏళ్ళ లెక్క. ఇప్పటిది కాదుగా?”

అతను గుడ్డ పిండాడు. నల్లటి నీళ్ళు కారాయి. మళ్ళీ పిండాడు.

“నీకు తెలుసు,” అంది ఆమె. కాపురంలో తొమ్మిదేళ్ళు గడిచాక మొగుడి వీపు చూసి కూడా మనసు చదవగలదు. “నీకు ముందే తెలుసు.”

ఫిట్టరు వెనక జేబులోంచి నలిగిన నోటుపుస్తకం తీశాడు. రోజూ సాయంత్రం ఏ ఇంట్లో ఎంత కరెంటు వచ్చిందో రాసుకునే పుస్తకం. తడి వేళ్ళతోనే తిప్పి ఒక పేజీ ఆమె ముందు పెట్టాడు.

“పోయినేడు ఇదే కొండ అంటుకున్నప్పుడు నాలుగు రోజులు. వానల్లో ఒకసారి మబ్బు పట్టి మళ్ళీ నాలుగు. సూర్యుడేం తగ్గలేదు. సూర్యుడికీ మనకీ మధ్య ఉన్నదే మారిపోయింది. వేసవి ముందే వస్తోంది, అడవి ముందే ఎండుతోంది. పొగ లేని రోజున మాడ్చేసే వేడి, పలకలు కాలిపోతే వాటి పనీ మందగిస్తుంది. మబ్బు పట్టిందంటే కదలదు. పాత లెక్క ఏదీ నిలబడట్లేదు. రెండో బ్యాటరీ పెట్టాలని అప్పుడే అనుకున్నాను, మనింటికీ, చివరింటికీ.”

“అనుకుని?”

“చెప్పబోయాను. భోజనాల దగ్గర. ‘మావయ్యా, మీ కార్డుల లెక్క ఇక పనికిరాదేమో’ అన్నానో లేదో, కంచం వదిలేసి లేచిపోయారు. నీకు గుర్తులేదూ? రెండు రోజులు నా మొహం చూడలేదు. పెద్దాయన, ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క రోజు సెలవు పెట్టకుండా చేసిన పని. అది ఇక చెల్లదని మళ్ళీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ...”

“మా నాన్న మొహం చూసి మా అమ్మ ఊపిరి పణంగా పెట్టావా?”

అన్నాక ఆ మాట ఎంత పదునైందో ఆమెకే తెలిసింది. అతని చేతిలో పుస్తకం కిందికి జారింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

“మనిషికి నిజం చెప్పలేని గౌరవం ఏం గౌరవం? ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనీ. రెండు రోజులు అలుగుతాడు, నాలుగు రోజులు అలుగుతాడు. ఇంకెప్పుడూ అలా దాచకు. మా నాన్న దగ్గరైనా సరే, నా దగ్గరైనా సరే. నాకు మాటివ్వు.”

“దాచను,” అన్నాడు అతను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగకో మరెందుకో. “మాటిస్తున్నాను.”

మెట్ల పైన తలుపు కిర్రుమంది. తండ్రి నిలబడి ఉన్నాడు, చేతిలో ఇంకో గుడ్డ. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో అడగాల్సిన పనిలేదు. మొహం చూస్తే తెలుస్తోంది.

ఆయన నెమ్మదిగా వచ్చి, పిట్టగోడ మీది గాజుగోళాన్ని ఒకసారి తుడిచి, ఆ పక్క పలక ముందు కూచున్నాడు.

“నాలుగు ఖాళీ కార్డులు నా దగ్గరా ఉన్నాయి బాబూ,” అన్నాడు తల ఎత్తకుండా. “పోయినేటివి. డబ్బాలో అందరికంటా పడేట్టు ఉంచలేక అడుగున పెట్టాను. మీ అత్తయ్యకి తెలుసు. తారీఖులు వేసింది ఆవిడే కదా.”

“మావయ్యా, మీ కార్డులు అబద్ధం చెప్పలేదు.”

“చెప్పలేదు. నేనే చెప్పాను. మొన్న గుమ్మంలో నిలబడి, రేపు ఎండ వస్తుందని.” ఆయన గుడ్డ నీళ్ళలో ముంచాడు. “నువ్వు చెప్పాల్సింది బాబూ. నేను లేచిపోయినా నా వెనకే వచ్చి చెప్పాల్సింది.”

తరవాత ముగ్గురూ వరసగా కూచుని పావుగంట సేపు పలకలు తుడిచారు. ఒకరు ముంచితే ఒకరు పిండారు, ఒకరు పిండితే ఒకరు అందుకున్నారు. ఆ పావుగంటే ఆ ఇంట్లో ఐదు రోజుల్లో కాస్త చల్లగా గడిచిన సమయం. నాలుగువందల పది చూపింది ఫోను. ఆమెకు మొదటిసారి ఆశ పుట్టింది.

పన్నెండున్నరకు అంకె తొమ్మిది. తండ్రి కిందికి దిగి తన కుర్చీలో కూచున్నాడు. ఫిట్టరు చివరింటి పలకలు తుడవడానికి పోయాడు. ఆమె పైనా కిందా తిరుగుతూనే ఉంది.

ఒంటిగంటకు తల్లి ఆమెను పిలిచి జుట్టు దువ్వమంది. ఆసుపత్రికి చింపిరి తలతో పోతానా అంది. ఆమె మంచం మీద కూచుని తల్లి తలను ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చిక్కు తీసింది.

“ఎంతుంది?” అంది తల్లి.

“ఎనిమిది దగ్గర ఆగి ఉందమ్మా. రెండింటికల్లా రెండుకి పడిపోతుందన్నాడు గాని, అంతలా పడట్లేదు. మూడింటికి బండి వచ్చేస్తుంది.”

తల్లి కళ్ళు మొగుడి కోసం వెతికాయి. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. ఆవిడ పెదాలు ఒక పక్కకి సాగాయి, ఆయన్ని ఆట పట్టించేటప్పుడు సాగినట్టు.

“చూశారా... నిలిచింది.”

“నిలిచింది,” అన్నాడు ఆయన.

తరవాత ఆవిడ కళ్ళు మూసుకుంది. కూతురు పాయ తీసి జడ అల్లడం మొదలుపెట్టింది. నిద్రపోయిందనుకుంది. సగం అల్లాక గాని ఒళ్ళో బరువు మారినట్టు తెలియలేదు. “అమ్మా” అంది. మళ్ళీ అంది. మూడోసారి అరిచింది. తండ్రి లేచాడు, క్లిప్పు కోసం తడుముకున్నాడు, అది చేతుల్లోంచి జారి మంచం కిందికి పోయింది. ఆమె తల్లి గుండె మీద రెండు చేతులూ పెట్టి, ఎక్కడో చూసినట్టు, ఎవరో చెప్పినట్టు నొక్కింది. నొక్కుతూనే ఉంది. గాలిమిషను మాత్రం పక్కనే బుస్సుమంటూ, ఆగి మళ్ళీ బుస్సుమంటూ, ఎవరూ పీల్చని గాలిని వదులుతూనే ఉంది.

ఫిట్టరు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఒకటిన్నర దాటింది. అతను అత్తగారి మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, భార్య చేతులు పట్టుకుని ఆపాడు.

“చాలు. ఇక చాలు.”

ఆమె ఏడవలేదు. సగంలో ఆగిన జడ పూర్తి చేసి, చివర రిబ్బను ముడివేసింది. అప్పుడు ఏడ్చింది.

అంబులెన్సు వాళ్ళకి ఫోను చేసింది ఫిట్టరే. వరండాలోంచి అతని గొంతు వినపడుతోంది. “అవునండీ, అయిపోయింది. ఆ సిలిండరు మా వీధి చివరింటికి... అదేంటండీ, ఇదే వీధి కదా... వంతంటే ఎలా...” కాసేపటికి లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఆ బండి వేరే పేటకి పంపేశారట. చివరింటికి ఐదింటికేనట. వాళ్ళది ఏడుకి పడిపోయింది,” అన్నాడు. చెప్పక తప్పదన్నట్టు, “మన దాంట్లో ఆరుంది. పెట్టె విప్పి వ్యానులో వేసుకుని అక్కడ బిగిస్తాను. అర్ధగంట పడుతుంది. అత్తయ్య... అత్తయ్యయితే కాదనేది కాదు.”

ఆమె తల ఊపింది. గాలిమిషను ఆపాలి. ఆ చప్పుడు ఇక భరించలేకపోతోంది. లేచి దాని దగ్గరకు వెళ్ళి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయింది.

గాజు గొట్టంలో తెల్లటి గుండు ఒకటి దగ్గర ఉంది.

తప్పు చూశాననుకుంది. వంగి మళ్ళీ చూసింది. ఒకటి. ఆమె వెనకే వచ్చిన ఫిట్టరు కూడా చూశాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. పొద్దున్న మెట్ల కింద నాబ్ గురించి అనుకున్న మాట ఆ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

“నాన్నా,” అంది. “ఇది ఎవరు తిప్పారు?”

తండ్రి మంచం పక్కన నేల మీద కూచుని ఉన్నాడు, భార్య చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని.

“నేనే తల్లీ. మొన్న సాయంత్రం నుంచి. మీ అమ్మే చెప్పింది. ‘కాస్త తగ్గించండీ, ఛార్జింగు నిలుస్తుంది, పిల్లలు హడలిపోతున్నారు’ అంది. నేను సరేనన్నాను. మొన్న రెండు, నిన్నట్నుంచి ఒకటి. నువ్వు వచ్చినప్పుడల్లా మూడుకి తిప్పేసేవాణ్ణి, ఇందాక జడలో పడి నువ్వు ఇటు చూడలేదు. నువ్వు ఒప్పుకోవుగా.”

పొద్దున్న వీపు పెట్టి వంగింది అందుకు. ఎనభై నాలుగు అందుకు. నీలం గోళ్ళు అందుకు. “చూశారా, నిలిచింది” అన్నది అందుకు. రెండు రోజులుగా వాళ్ళిద్దరూ కూడబలుక్కుని, దొంగతనం చేస్తున్న పిల్లల్లా, ఆవిడ ఊపిరిని కొంచెం కొంచెంగా దాచిపెట్టారు. దాచిందంతా ఎక్కడికీ చేరలేదు.

తండ్రి తలెత్తి అల్లుణ్ణి చూశాడు.

“బాబూ, రెండింటికి రెండుకి పడిపోతుందన్నావటగా. రెండయింది. ఇంకా ఆరుంది. తగ్గించబట్టే కదా నిలిచింది? ఆవిడ చేసింది పనికొచ్చింది కదా?”

ఫిట్టరు పెదాలు తడుపుకున్నాడు. నిలిచింది పలకలు తుడవబట్టి. అతనికి తెలుసు, ఆమెకు తెలుసు. అతను ఒకసారి భార్య వైపు చూశాడు. డాబా మీద ఇచ్చిన మాట ఆ చూపులో ఉంది. గుండె రాయి చేసుకుని అతను నోరు తెరిచాడు.

“మావయ్యా...”

“అవును నాన్నా,” అంది ఆమె. “అందువల్లే నిలిచింది. అమ్మ వల్లే.”

ఫిట్టరు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆమె అతని వైపు చూడలేదు. చూడలేకపోయింది. పొద్దున్న అంతలేసి మాటలన్న నోరే ఇది.

తండ్రి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కానీ మొహంలో బిగుసుకున్నదేదో వదులైంది. “విన్నావా,” అన్నాడు భార్య చెయ్యి నిమురుతూ. “పనికొచ్చిందట.” ఆ మాట విని కూతురు గోడవైపు తిరిగింది. అబద్ధమైనా సరే, ఆ ముసలి ప్రాణానికి అదొక్కటి మిగలనీ అనుకుంది. జీవితాంతం మొయ్యగలననుకుంది.

కాసేపటికి వెనక ఏదో కదిలిన చప్పుడు. తండ్రి మంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు. భార్య చేతిని దుప్పటి మీద జాగ్రత్తగా పెట్టి, చొక్కా సర్దుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

“ఎక్కడికి నాన్నా?”

“చివరింటికి. బాబు పెట్టె విప్పి తెచ్చేసరికి అర్ధగంట పడుతుందన్నాడుగా. ఈలోపు వాళ్ళది అయిపోతే?” ముప్పై ఒక్క ఏళ్ళు చూసిందల్లా ఆ పూటే పైవాళ్ళకి తెలియజేసిన మనిషి గొంతు అది, ఏడుస్తూనే పని మీద ఉన్న గొంతు. “ఆవిడకి తెలీదు పాపం, మూడు మీదే ఉంచుతుంది. ఒకటికి తిప్పమని చెప్పొస్తాను. నేను చెబితే వింటుంది.”

ఆయన వరండా దిగాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను కదల్లేదు. ఆమెనే చూస్తున్నాడు. ఈసారి తన తరఫున అతను చెప్పడని, చెప్పాల్సింది తనేనని ఆమెకు అర్థమైంది.

గేటు గడియ తీసిన చప్పుడైంది.

“నాన్నా! ఆగు!”

పొగలో సగం కనపడుతూ, సగం కనపడకుండా ఆయన వెనక్కి తిరిగాడు. జేబులోంచి ఖాళీ కార్డు అంచు బయటికి కనిపిస్తోంది.

“ఏమ్మా?” అన్నాడు.